హింకిల్ ఫీల్డ్‌హౌస్: 15,000 సీట్లు 9,100 ఎలా అయ్యాయి?

ఇండీ_నివాసి

ఇండియానాపొలిస్‌లో బట్లర్ యూనివర్సిటీ క్యాంపస్‌లో ఉన్న హింకిల్ ఫీల్డ్‌హౌస్ గురించి తెలుగులో ఒకచోట సమాచారం దొరకడం లేదు. నాకు తెలిసినవి పెడుతున్నా, తప్పులుంటే దిద్దండి.

1928లో కట్టారు. అప్పటి పేరు బట్లర్ ఫీల్డ్‌హౌస్. ఆర్కిటెక్ట్ ఫెర్మోర్ స్పెన్సర్ కానన్. అక్కడ మొదటి మ్యాచ్ 1928 మార్చి 7న, నోటర్ డేమ్ మీద బట్లర్ 21–13తో గెలిచింది. అప్పట్లో 15,000 మంది పట్టేవారు. 1950 వరకు అమెరికాలో ఇంత పెద్ద బాస్కెట్‌బాల్ అరీనా ఇంకోటి లేదు. 1966లో కోచ్ టోనీ హింకిల్ పేరు పెట్టారు. 1987లో నేషనల్ హిస్టారిక్ ల్యాండ్‌మార్క్ అయింది. 2014లో పెద్ద మరమ్మతు పూర్తయ్యాక సీట్లు సుమారు 9,100. ఇప్పటికీ వాడకంలో ఉన్న కాలేజీ అరీనాల్లో అమెరికాలోనే అతి పాతది.

అర్థం కానివి మూడు. ఒక చిన్న ప్రైవేటు కాలేజీకి 15,000 సీట్లు ఎందుకు? 1933లో కోర్టును అడ్డం తిప్పారంటారు, ఎందుకు? అదే బిల్డింగ్, అవే గోడలు, మరి దాదాపు 6,000 సీట్లు ఎటు పోయాయి?

---

హూప్స్_చరిత్ర

మొదటి ప్రశ్నకు జవాబు: అది కాలేజీ కోసం మాత్రమే కట్టింది కాదు. హైస్కూలు పిల్లల డబ్బుతో నిలబడ్డ బిల్డింగ్ అది.

ఇండియానాలో ఈ ఆట 1894లోనే, క్రాఫర్డ్స్‌విల్ వైఎంసీఏ ద్వారా అడుగుపెట్టింది. నైస్మిత్ మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఆట కనిపెట్టింది 1891 డిసెంబరులో. అంటే రెండు మూడేళ్ల తేడా. 1920ల నాటికి ఆ రాష్ట్రంలో హైస్కూలు టోర్నమెంటు అంటే ఊళ్లకు ఊళ్లు కదిలే జాతర. పెద్ద బడి, చిన్న బడి అనే తేడా లేదు, అందరికీ ఒకటే టోర్నీ, ఒకటే కప్పు. బడి పరిమాణాన్ని బట్టి వేరు వేరు విభాగాలుగా విడగొట్టింది 1997–98 సీజన్ నుంచే.

బట్లర్ అప్పుడే ఇర్వింగ్‌టన్ నుంచి ఫెయిర్‌వ్యూ పార్కులోని కొత్త క్యాంపస్‌కు మారుతోంది. నగరంలోని 41 మంది వ్యాపారులు కలిసి ఒక కార్పొరేషన్ పెట్టి నిర్మాణానికి డబ్బు సమకూర్చారు. వాళ్ల ధైర్యమంతా ఒక్క కాగితం మీద ఉంది. రాష్ట్ర హైస్కూలు అథ్లెటిక్ సంఘం ఫైనల్స్ ఇక్కడే ఆడించేందుకు 10 ఏళ్లకు 1,00,000 డాలర్ల లీజు రాసింది. ఏటా వచ్చే అద్దె ముందే ఖాయమైతే అప్పు ఇచ్చేవాడికి భయం ఉండదు. కాలేజీ మ్యాచ్‌లకు ఎంతమంది వస్తారన్నది వాళ్లకు రెండో లెక్క. ఏడాదికి ఒకసారి వచ్చే ఆ ఫైనల్స్ జనానికి సరిపడేలా 15,000 అనుకున్నారు.

ఆ లీజు ఒప్పందమే ఆ తర్వాతి చరిత్రను నడిపింది. 1928 నుంచి 1971 దాకా ఫైనల్స్ అక్కడే. మధ్యలో 1943, 44, 45 మాత్రం లేవు. యుద్ధం రోజుల్లో బిల్డింగ్‌ను సైనికుల బసగా వాడారు. ఆట కోసం వేసిన నేల మీద మంచాలు పరిచారు.

ఇక అతి పాతది అన్నది తప్పు. దాని సంగతి కింద ఎవరైనా రాస్తారు.

---

బెంచీ_నం_17

రాస్తున్నా. న్యూయార్క్‌లో ఫోర్డమ్ వాళ్ల రోజ్ హిల్ జిమ్ 1925ది. ఫిలడెల్ఫియాలో పెన్సిల్వేనియా యూనివర్సిటీ వాళ్ల పలెస్ట్రా 1927 జనవరి 1న మొదలైంది, ఆ రోజు యేల్ మీద 26–15. రెండూ హింకిల్ కన్నా ముందువే. మిన్నెసోటా వాళ్ల విలియమ్స్ అరీనా కూడా 1928దే. హింకిల్‌ది "అతి పెద్దది" అన్న రికార్డు. అది కూడా 1950 దాకానే.

---

కమాను_లెక్క

బిల్డింగ్ గురించి. "ఫీల్డ్‌హౌస్" అన్న మాటను తేలిగ్గా తీసుకోవద్దు. ఇండోర్ స్టేడియం వేరు, ఫీల్డ్‌హౌస్ వేరు. మంచు కురిసే నాలుగైదు నెలలు బయటి మైదానం పనికిరాదు. కాబట్టి మైదానాన్నే ఇంట్లోకి తెచ్చుకోవడం ఫీల్డ్‌హౌస్ ఉద్దేశం. ఆ కాలం ఫీల్డ్‌హౌస్‌లలో లోపల మట్టినేల, దాని చుట్టూ పరుగు ట్రాక్, ఒక మూల ఫుట్‌బాల్ ప్రాక్టీసు, మ్యాచ్ ఉన్నప్పుడు మధ్యలో చెక్క కోర్టు. బట్లర్‌లో 1930ల్లో బట్లర్ రిలేస్ పేరిట ఇండోర్ పరుగు పోటీలు జరిగేవి, జెస్సీ ఓవెన్స్ కూడా పరుగెత్తాడు.

ఇన్ని పనులు చేయాలంటే మధ్యలో ఒక్క స్తంభం ఉండకూడదు. అందుకే వరసగా ఉక్కు కమానులు. ఇక్కడ వాడినవి మూడు కీళ్ల కమానులు. రెండు పాదాల దగ్గర చెరొక కీలు, నడినెత్తిన ఒకటి. ఈ నెత్తి కీలు ఎందుకో చెప్తే మిగతాది అర్థమవుతుంది.

కీలు లేని కమాను ఒకే ముక్క. ఎండకు ఉక్కు సాగుతుంది, పునాది ఒక పక్క కాస్త కుంగుతుంది, ఆ కదలిక అంతా లోపలి ఒత్తిడిగా మారుతుంది. లెక్క చూడండి: ఉక్కు ఒక డిగ్రీకి, మీటరుకు 0.012 మిల్లీమీటర్లు సాగుతుంది. 60 మీటర్ల పొడవు కమాను అనుకుందాం. ఇండియానాలో చలికాలానికీ ఎండాకాలానికీ 40 డిగ్రీల తేడా అంటే సుమారు 29 మిల్లీమీటర్లు. మూడు కీళ్లుంటే నడినెత్తి కొంచెం పైకి లేచి, కొంచెం కిందికి దిగి ఆ 29 మిల్లీమీటర్లను మింగేస్తుంది, ఎక్కడా పగుళ్లు రావు. ఇంకో లాభం, 1928లో కంప్యూటర్ లేదు. మూడు కీళ్ల కమానులో బలాలన్నీ కాగితం, పెన్సిలుతో తేలిపోతాయి.

నష్టం కూడా ఉంది. నెత్తి దగ్గర కదలిక ఉంటుంది కాబట్టి పైకప్పు పొర అక్కడే ముందు చిరుగుతుంది. ఇలాంటి పాత బిల్డింగుల్లో నీరు కారుతోందంటే మొదట చూడాల్సింది ఆ గీత వెంబడే. రెండోది కమాను పాదం. గోడ చెమ్మ అక్కడ నిలిస్తే కీలు తుప్పు పట్టి బిగుసుకుపోతుంది, అప్పుడది కీలుగా పనిచేయడం మానేస్తుంది.

---

బెజవాడ_బాస్కెట్

కమాను_లెక్క గారూ, కోర్టు తిప్పడం సంగతి? తూర్పు పడమరలుగా ఉన్నదాన్ని ఉత్తర దక్షిణాలుగా మార్చారని చదివాను. ఎండ కళ్లలో పడుతుందనా?

---

కమాను_లెక్క

చాలామంది అదే అనుకుంటారు. బయటి కోర్టులకు ఉత్తర దక్షిణాలుగా వేయడం ఎండ కోసమే, నిజం. కానీ ఇక్కడ ముందు సీట్ల లెక్క చూడాలి.

హాలు ఒక దిక్కున పొడవు, ఇంకో దిక్కున పొట్టి. కోర్టును కూడా హాలు పొడవునా వేస్తే, పక్కలకు చోటు తక్కువ, రెండు కొసల్లో ఎక్కువ. అంటే జనంలో పెద్ద భాగం బుట్ట వెనక కూర్చుంటుంది. బుట్ట వెనక నుంచి చూస్తే ఇబ్బందులు రెండు. అవతలి కొస చాలా దూరం. రెండోది, గాజు బోర్డులు అన్నిచోట్లా రాని కాలంలో చెక్క బోర్డే అడ్డం. బంతి రింగులో పడిందో లేదో పక్కవాడి అరుపును బట్టి తెలుసుకోవాలి.

కోర్టును అడ్డం తిప్పితే ఆ లోతైన బెంచీల వరసలన్నీ సైడ్‌లైన్ ఎదుటికి వస్తాయి. ఒక్క సీటూ కట్టకుండా మంచి సీట్లు పెరిగాయి. మధ్యలో నేల ఖాళీగా ఉండే ఫీల్డ్‌హౌస్ కాబట్టే ఇది కుదిరింది. కాంక్రీటు గిన్నెలా కట్టిన ఈనాటి అరీనాల్లో కోర్టు తిప్పాలంటే మొత్తం పడగొట్టి కట్టాలి.

ఎండ సంగతీ ఉంది. హింకిల్‌లో పైన పెద్ద పెద్ద కిటికీలు. ఆ ఊరు దాదాపు 39.8 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. డిసెంబరు మూడో వారంలో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు 27 డిగ్రీల ఎత్తే లేస్తాడు. మన విజయవాడలో అదే రోజు దాదాపు 50 డిగ్రీలు. అంత కిందనుంచి వచ్చే వెలుగు కిటికీలోంచి వంపుగా దూరి నేల మీద చారలు పడుతుంది. పాలిష్ చేసిన చెక్క అద్దంలా దాన్ని తిప్పి కొడుతుంది. ఫొటోల్లో అందంగా ఉంటుంది, ఫ్రీ త్రో వేసేవాడినడిగితే వేరే మాట చెబుతాడు.

---

హూప్స్_చరిత్ర

వెలుగు మాట వచ్చింది కాబట్టి బంతి రంగు. అంతకుముందు బంతులు ముదురు గోధుమ రంగువి. చెక్క నేల గోధుమ, బెంచీలు గోధుమ, చలికోట్లేసుకున్న జనం ముదురు రంగు. వెనక వరసలో కూర్చున్నవాడికి బంతి కనపడేది కాదు. టోనీ హింకిల్ స్పాల్డింగ్ కంపెనీతో కలిసి నారింజ రంగు బంతి తయారు చేయించాడు. 1958లో లూయీవిల్‌లో జరిగిన కాలేజీ ఫైనల్ ఫోర్‌లో (చివరి నాలుగు జట్ల పోటీలో) వాడి చూశారు, నచ్చింది, నిలిచిపోయింది. ఇప్పుడు గచ్చిబౌలిలోనైనా గుంటూరులోనైనా పిల్లల చేతిలో ఉండే బంతి రంగు అక్కడిదే.

ఇదే హింకిల్ బట్లర్‌లో బాస్కెట్‌బాల్‌తో పాటు ఫుట్‌బాల్, బేస్‌బాల్ జట్లకు కూడా కోచ్. 1970లో వదిలేసేసరికి బాస్కెట్‌బాల్‌లో 560 విజయాలు. కోచ్ ఇంకా పనిలో ఉండగానే బిల్డింగ్‌కు ఆయన పేరు పెట్టారు, చనిపోయాక కాదు.

---

బెంచీ_నం_17

1954 మాట ఎవరూ ఎత్తలేదేం? మైలాన్ కథ తెలుగులో ఎక్కడ చూసినా తప్పుగా ఉంటుంది, కాలేజీ మ్యాచ్ అని రాసేస్తారు. అది హైస్కూలు రాష్ట్ర ఫైనల్. ఆడింది ఇదే నేల మీద.

మైలాన్ హైస్కూల్లో మొత్తం పిల్లలు 161 మంది. ఎదుటివాళ్లు మన్సీ సెంట్రల్, పెద్ద బడి, అప్పటికే పలుమార్లు చాంపియన్లు. స్కోరు 32–30. చివరి షాట్ బాబీ ప్లంప్‌ది. అసలు విషయం ఆ షాట్ కాదు, దానికి ముందు జరిగింది. నాలుగో క్వార్టర్‌లో మైలాన్ రెండు పాయింట్లు వెనకబడి ఉన్నా ప్లంప్ బంతి పట్టుకుని 4 నిమిషాల 13 సెకన్లు కదలకుండా నిలబడ్డాడు. హైస్కూలు క్వార్టర్ మొత్తం 8 నిమిషాలే. అంటే సగం క్వార్టర్ బంతి కదలలేదు, 15,000 మంది దాన్నే చూస్తూ కూర్చున్నారు.

వెనకబడి ఉన్నవాడు ఎందుకు ఆపుతాడు? ఎదుటి జట్టు పొడుగు, బలం ఎక్కువ. ఆట ఎంత సాగితే బలమైనవాడికి అంత లాభం. మిగిలిన టైమును తగ్గించి, చివరికి రెండు మూడు బంతులకే ఫలితం తేలేలా చేస్తే చిన్న జట్టుకు అవకాశం. ఇప్పుడు ఎన్‌బీఏలో, కాలేజీ ఆటలో అయితే కుదరదు, ఇన్ని సెకన్లలోపు షాట్ వేయాలని గడియారం పెట్టారు. ఎన్‌బీఏలో 24 సెకన్ల గడియారం సరిగ్గా ఆ ఏడాది చివర్లో మొదలైన సీజన్ నుంచే వచ్చింది. కాలేజీ మగవాళ్ల ఆటలో 1985–86లో 45 సెకన్లు, 1993లో 35, 2015 నుంచి 30.

---

హూప్స్_చరిత్ర

మైలాన్ గురించి అందరూ రాస్తారు. ఆ టోర్నీలోనే, ఫైనల్స్ కన్నా ముందు, అదే ఫీల్డ్‌హౌస్‌లో మైలాన్ చేతిలో 65–52తో ఓడిన జట్టు గురించి తక్కువ రాస్తారు. క్రిస్పస్ ఆటక్స్. ఆ జట్టులో అప్పుడే ఎదుగుతున్న కుర్రాడు ఆస్కార్ రాబర్ట్‌సన్.

ఆటక్స్ ఇండియానాపొలిస్‌లో నల్లవారి పిల్లల కోసం 1927లో తెరిచిన బడి. ఫీల్డ్‌హౌస్ కన్నా ఏడాది పెద్దది. కానీ రాష్ట్ర సంఘం నల్లవారి బడులను, క్యాథలిక్ బడులను 1942 దాకా టోర్నీలోకే రానివ్వలేదు. అంటే లీజు డబ్బుతో బిల్డింగ్ లేచిన మొదటి 14 ఏళ్లు, అదే ఊరి పిల్లలకు ఆ టోర్నీ తలుపు మూసే ఉంది. ఆటక్స్ సొంత జిమ్ మరీ చిన్నది, మ్యాచ్‌లు పెట్టేందుకు చాలదు. అందువల్ల ఆ తర్వాత వాళ్ల సొంత మ్యాచ్‌లకు కూడా బట్లర్ ఫీల్డ్‌హౌస్ ఒక వేదికైంది.

1955లో గ్యారీ రూజ్‌వెల్ట్ మీద 97–74తో కప్పు కొట్టారు. అవతలిదీ నల్లవారి బడే. అమెరికాలో అందరికీ తెరిచిన రాష్ట్ర టోర్నీని పూర్తిగా నల్లవారి బడి ఒకటి గెలవడం అదే మొదటిసారి. గెలిచినవాళ్లను ఫైరింజన్ మీద ఊరి నడిబొడ్డున మాన్యుమెంట్ సర్కిల్‌కు తీసుకెళ్లి సంబరం చేయడం ఆనవాయితీ. వీళ్లను సర్కిల్ చుట్టూ ఒక్కసారి తిప్పి, సంబరానికి నల్లవారి పేటలోని నార్త్‌వెస్టర్న్ పార్కుకు పంపించేశారు. 1956లో ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా, 31–0తో మళ్లీ గెలిచారు. కోచ్ రే క్రో.

సినిమా తీసింది మైలాన్ కథ మీద. ఆట తీరును మార్చింది మాత్రం ఆటక్స్ అన్నది నా అభిప్రాయం. 32–30, 97–74. ఒకే నేల, ఒక్క ఏడాది తేడా. ఆ రెండు స్కోర్లు పక్కపక్కన పెట్టి చూడండి.

---

మేపుల్_పలక

నేల గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తా. ఇది హింకిల్ ఒక్కదానికే కాదు, ఏ మేపుల్ కోర్టుకైనా ఇంతే.

వాడేది హార్డ్ మేపుల్. పలక మందం సాధారణంగా 25/32 అంగుళం, అంటే సుమారు 20 మిల్లీమీటర్లు. వెడల్పు 2¼ అంగుళాలు. పలకలు కోర్టు పొడవునా పరుస్తారు. ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పుడు చెక్కలో తేమ 6 నుంచి 9 శాతం. హాల్లో గాలి తేమ 35 నుంచి 50 శాతం మధ్య ఉంటే చెక్క ఆ 6–9లోనే నిలకడగా ఉంటుంది. ఈ రెండు అంకెలు గుర్తుంటే చాలు, నేలకు వచ్చే జబ్బుల్లో ముప్పాతిక వంతు అర్థమవుతాయి.

చెక్క పొడవునా సాగదు, అడ్డంగా సాగుతుంది. ఫ్లాట్ కోత మేపుల్ తేమ ఒక శాతం పెరిగితే వెడల్పులో 0.35 శాతం ఉబ్బుతుంది. కోర్టు వెడల్పు 50 అడుగులు, అంటే 600 అంగుళాలు. ఒక్క శాతం తేమకు 2 అంగుళాల పైమాటే. నాలుగు శాతానికి 8 అంగుళాలు దాటుతుంది. నిజంగా వేసిన నేలలో కోతలు కలిసి ఉంటాయి, మేకులు పట్టి ఉంచుతాయి, అంత కదలదు. అయినా గోడ చుట్టూ 2 అంగుళాల ఖాళీ వదిలేది ఇందుకే. ఆ ఖాళీని సందులున్న రబ్బరు అంచుతో కప్పుతారు. కొందరు కాంట్రాక్టర్లు "చూడ్డానికి బాగోదు" అని ఆ ఖాళీ మూసేస్తారు. మొదటి వానాకాలానికే నేల మధ్యలో గుడారంలా లేస్తుంది.

కింద నుంచి చెమ్మ ఎక్కితే పలక అంచులు లేచి మధ్య గుంటపడుతుంది. అది చూసి వెంటనే సాండింగ్ మిషన్ (నేలను గీకి చదును చేసేది) పెట్టేవాళ్లున్నారు, అది తప్పు. లేచిన అంచులు కోసేస్తారు, తర్వాత చెమ్మ ఆరగానే పలక మధ్య భాగం బొడిపెలా మిగులుతుంది. ముందు చెమ్మ మూలం ఆపాలి, వారాల తరబడి ఆరనివ్వాలి, మీటరు పెట్టి తేమ చూడాలి, ఆ తర్వాతే సాండింగ్.

బంతి ఒకచోట చప్పబడిపోతే దాన్ని డెడ్ స్పాట్ అంటారు. పలక కింద రబ్బరు ప్యాడ్ నలిగిపోవడమో, అడ్డకర్ర మేకు వదిలేయడమో కారణం. కనిపెట్టడం తేలిక: అడుగడుగుకూ ఒకే ఎత్తునుంచి బంతి వదిలి చూడటమే. కాలేజీ మగవాళ్ల ఆట నిబంధనలో బంతిని 6 అడుగుల ఎత్తునుంచి వదిలితే 49 నుంచి 54 అంగుళాల దాకా లేవాలి. నేల మంచిదని తెలిసిన చోట ముందు ఆ బంతిని సరిచూసుకోండి, లేకపోతే గాలి తక్కువైన బంతి పెట్టుకుని నేలను తిడతారు.

---

వైజాగ్_జిమ్

పలక గారూ, ఇది విశాఖలాంటి చోట పనికొస్తుందా? ఒక కాలేజీ వాళ్లు మేపుల్ వేయిద్దామని అడుగుతున్నారు.

---

మేపుల్_పలక

ఏసీ రోజంతా, ఏడాదంతా నడిపే బడ్జెట్ ఉంటేనే. సముద్రతీరంలో గాలి తేమ 70 శాతం దాటడం మామూలు. 30 డిగ్రీల దగ్గర 70 శాతం గాలికి చెక్క 13 శాతం తేమ దగ్గర స్థిరపడుతుంది. 8 శాతంతో వేసిన నేల 13కు వెళ్తే పైన చెప్పిన లెక్క ఐదింతలు. మ్యాచ్ రోజున మాత్రమే ఏసీ వేస్తే ఇంకా చెడ్డది, వారానికోసారి ఉబ్బి, తగ్గి మేకులు వదులవుతాయి. కాంక్రీటు మీద చెమ్మ ఆపే పొర వేయించి, పైన స్పోర్ట్స్ వినైల్ గానీ పాలీయురేథేన్ గానీ పోయించుకోమనండి. మేపుల్ అందం రాదు, కానీ పదేళ్లు ఆడుకుంటారు.

ఇండియానాది దీనికి తలకిందుల సమస్య. చలికాలం బయట మైనస్ 5 డిగ్రీల గాలి, 80 శాతం తేమతో ఉన్నదనుకుందాం. దాన్ని లోపల 20 డిగ్రీలకు వేడి చేస్తే తేమ 14 శాతానికి పడిపోతుంది. చెక్క ఎండి పలకల మధ్య సందులు కనపడతాయి. అది జబ్బు కాదు, వసంతానికి వాటంతటవే మూసుకుంటాయి. ఆ సందుల్లో పుట్టీ నింపే తెలివితక్కువ పని చేస్తే వేసవిలో నేల ఉబ్బడానికి చోటుండదు.

---

కమాను_లెక్క

దానికి ఒక ముక్క కలుపుతా. హాల్లో తేమను జనమే పెంచుతారు. కూర్చున్న మనిషి ఊపిరి, చెమట కలిపి గంటకు 50 గ్రాముల నీరు వదులుతాడని లెక్క. 9,000 మందికి గంటకు 450 లీటర్లు. నిండు హాలు 15,000 మంది అయితే 750. ఒంటిపొర అద్దాలున్న పాత కిటికీలు బయట చలికి మంచులా ఉంటాయి. ఆ నీరంతా అక్కడికీ, ఉక్కు కమానుల మీదికీ చేరి బొట్లుబొట్లుగా కారుతుంది. పాత ఫీల్డ్‌హౌస్‌లలో "పైకప్పు కారుతోంది" అని మనిషిని పంపిస్తే కప్పు బాగానే ఉంటుంది, అసలు సంగతి ఇది. గుర్తుపట్టడం ఎలాగంటే, వాన లేని రోజు, జనం ఉన్న రోజు కారితే అది ఊపిరి నీరు.

---

ఇండీ_నివాసి

చాలా వచ్చింది. నా మూడో ప్రశ్న మిగిలింది. 6,000 సీట్లు?

---

బెంచీ_నం_17

ఎవరూ తీసుకుపోలేదు, అంగుళాల్లో కరిగిపోయాయి.

పాత లెక్కలో సీటు అంటే బెంచీ మీద గీసిన 18 అంగుళాల గీత. వరసకూ వరసకూ మధ్య 24 అంగుళాలు అనుకోండి. చేతులు లేని, వీపు లేని బెంచీ. ఇప్పుడు వీపున్న కుర్చీ అడుగుతారు. వెడల్పు సుమారు 21 అంగుళాలు, మోకాళ్లకు చోటు కలిపి వరస లోతు 32.

18ని 21తో భాగిస్తే 0.86. 24ను 32తో భాగిస్తే 0.75. రెండూ గుణిస్తే 0.64. 15,000ను దాంతో గుణిస్తే 9,600 దగ్గర తేలుతుంది. వీల్‌చెయిర్ స్థలాలు, తోడు వచ్చినవాళ్ల సీట్లు 1990 నాటి వైకల్య చట్టం తర్వాత తప్పనిసరి. ఒక వీల్‌చెయిర్‌కు దాదాపు 3 అడుగుల వెడల్పు, 4 అడుగుల లోతు, అంటే పాత బెంచీ లెక్కలో నలుగురి చోటు. మంటలొస్తే బయటపడే దారులు వెడల్పు చేయాలి, మెట్లకు కడ్డీలు వేయాలి. ఇవి కలిపితే 9,100 దగ్గరికి వచ్చేస్తాం.

---

కమాను_లెక్క

లెక్క ముద్దుగా ఉంది గానీ దాన్ని రుజువు అనుకోవద్దు, 17 గారూ. తగ్గింది ఒక్కసారి కాదు. మొదట 15,000, 1989 మరమ్మతు తర్వాత 11,000 చిల్లర, తర్వాత 10,000, 2014లో 9,100. ప్రతి సీటూ కుర్చీగా మారలేదు కూడా. మీరు చెప్పిన దిశ సరైనదే, కానీ మీ అంకె అంత దగ్గరగా రావడంలో కొంత అదృష్టం ఉంది.

---

బెంచీ_నం_17

ఒప్పుకుంటా. ఇంకో కారణం కూడా ఉంది, అది అంగుళాల్లో దొరకదు. 1972 నుంచి హైస్కూలు ఫైనల్స్ వేరేచోటికి పోయాయి. 15,000 మంది కోసం కట్టిన చోటికి ఆ 15,000 మందిని తెచ్చే టోర్నీయే లేనప్పుడు, సీట్లు తగ్గించి కుర్చీలు వేయడం తెలివైన పని.

---

బెజవాడ_బాస్కెట్

మిగతా పాత అరీనాలతో పోలిస్తే?

---

హూప్స్_చరిత్ర

క్లుప్తంగా. డ్యూక్ వాళ్ల కామెరాన్ ఇండోర్ 1940 జనవరి 6న ప్రిన్స్‌టన్ మీద 36–27తో మొదలైంది. ఇప్పుడు హింకిల్ కన్నా కాస్త పెద్దదే, 9,314 సీట్లు. దాని డిజైన్ వెనక ఉన్నది నల్లజాతి ఆర్కిటెక్ట్ జూలియన్ ఎబెల్. అప్పట్లో నల్లవాళ్లు ఆ యూనివర్సిటీలో చదవడానికి లేదు. కాన్సాస్ వాళ్ల అలెన్ ఫీల్డ్‌హౌస్ 1955 మార్చి 1న, కాన్సాస్ స్టేట్ మీద 77–67. కొరియా యుద్ధం రోజుల్లో ఉక్కు దొరకక, దాన్ని సైనిక ఆయుధాగారంగా కూడా వాడుకునేలా చూపించి ఉక్కు తెచ్చుకున్నారు. హింకిల్‌కు హైస్కూలు లీజు ఎలాగో అలెన్‌కు అది అలాగ. 2017 ఫిబ్రవరిలో అక్కడ గోల 130.4 డెసిబెల్స్ కొలిచారు.

విలియమ్స్ అరీనాలో ఫీల్డ్‌హౌస్ కాలపు గుర్తు ఇప్పటికీ కనపడుతుంది. కోర్టు తన చుట్టూ ఉన్న నేలకన్నా 2 అడుగులు ఎత్తున, అరుగులా ఉంటుంది. బంతి వెంట పరుగెత్తేవాడు ఆ అంచు గుర్తుపెట్టుకోవాలి.

పలెస్ట్రాకు ఆ పేరు పెట్టింది గ్రీకు పాఠాలు చెప్పే ప్రొఫెసర్. పాత గ్రీసులో కుస్తీ పట్టే చోటును అలా అనేవారు. మన తాలింఖానా అన్నమాట.

---

వైజాగ్_జిమ్

హింకిల్‌లో ఇప్పుడేం జరుగుతోంది, మ్యూజియమా?

---

హూప్స్_చరిత్ర

మ్యూజియం కాదు, బట్లర్ మగ, ఆడ జట్లు రెండూ ఆడుతున్నాయి. 2010లో, 2011లో బ్రాడ్ స్టీవెన్స్ కోచ్‌గా ఇక్కడి జట్టు వరసగా రెండు జాతీయ ఫైనల్స్‌కు వెళ్లింది. 2010ది డ్యూక్ చేతిలో 61–59. ఆ ఫైనల్ జరిగింది కూడా ఇండియానాపొలిస్‌లోనే, లూకాస్ ఆయిల్ స్టేడియంలో. గోర్డన్ హేవర్డ్ సగం కోర్టు నుంచి వేసిన ఆఖరి షాట్ రింగుకు తగిలి బయటపడింది. 2011లో కనెక్టికట్ చేతిలో 53–41. 2021లో కోవిడ్ వల్ల జాతీయ టోర్నీ మొత్తం ఇండియానాలోనే పెట్టినప్పుడు, వాడిన కోర్టుల్లో హింకిల్ ఒకటి.

నేల మీద గీతలు మాత్రం మారుతూనే ఉన్నాయి. కాలేజీ మగవాళ్ల మూడు పాయింట్ల గీత 1986–87లో 19 అడుగుల 9 అంగుళాలు, 2008లో 20 అడుగుల 9 అంగుళాలు, 2019లో 22 అడుగుల 1¾ అంగుళాలకు జరిగింది.

---

మేపుల్_పలక

గీత జరిపినప్పుడల్లా పైపూత మొత్తం గీకాలి, లేకపోతే పాత గీత దెయ్యంలా కింద కనపడుతుంది. ఒక్కో సాండింగ్‌కు 1/32 అంగుళం పోతుందనుకోండి. పలక పైభాగంలో గాడి దాకా ఉన్న చెక్క పావు అంగుళం పైచిలుకు. జాగ్రత్తగా చేస్తే ఏడెనిమిది సార్లు. ఆ తర్వాత మేకులు బయటపడతాయి, నేల మార్చాల్సిందే.

---

ఇండీ_నివాసి

నా మొదటి పోస్టులో "అతి పాతది" అన్నది తీసేద్దామనుకుంటే ఎడిట్ గడువు దాటిపోయింది. మోడరేటర్లు దాన్ని "1950 వరకు అతి పెద్దది, రోజ్ హిల్ (1925), పలెస్ట్రా (1927) దానికన్నా ముందువి" అని మార్చగలరు.

---

మోడరేటర్

ఈ దిద్దుబాటు నమోదు చేశాం, కింది జవాబులు అర్థం కావడానికి మొదటి పోస్టు మాటలు అలాగే ఉంచాం. నేలల మీద ప్రశ్నలకు వేరే చర్చ తెరవండి, పలక గారు అక్కడికి వస్తామన్నారు.